గ్రామసభకు ముందే తేలాల్సిన లెక్కలు: పంచాయతీ డబ్బు ఊరు కలిసి నిర్ణయించాలంటే

ప్రశ్న: మాది తెలంగాణలో 10 వార్డుల పంచాయతీ. 2,100 మంది ఓటర్లు, ఊరితో పాటు రెండు తండాలు. కొత్తగా వార్డు మెంబరుగా గెలిచాను. మా దగ్గర గ్రామసభ అంటే సంతకం పెట్టి చాయ్ తాగి పోవడమే. పంచాయతీ డబ్బు దేనికి పెట్టాలో జనమే తేల్చేలా చేయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు:

గ్రామసభ దగ్గర మాత్రం మొదలుపెట్టకండి. సభ రోజుకి నిర్ణయాలు అప్పటికే అయిపోయి ఉంటాయి. నలుగురు ఎక్కడో కూర్చుని రాసుకున్న జాబితాకు అక్కడ సంతకాలు పడతాయి, అంతే. జనానికి చైతన్యం లేదని చాలామంది నాయకులు అంటుంటారు. అది నిజం కాదు. చేతిలో ఎంత డబ్బుందో చెప్పకుండా "మీకేం కావాలి?" అని అడిగితే ఎవరైనా ఏం చేస్తారు? వంద పనులు అడుగుతారు. అందులో మూడు జరుగుతాయి, ఆ మూడూ ఎందుకు ఎంచారో ఎవరికీ తెలియదు. రెండో ఏడు రావడం మానేస్తారు. కూలి పోగొట్టుకుని వచ్చి కూర్చున్న మనిషి అలా మానేయడం తెలివైన పనే.

అందుకని ముందు డబ్బు అంకె తేలాలి. సమస్యల జాబితా దాని తర్వాత.

ఒకే కాగితం మీద ఏడాది డబ్బంతా రాయండి. కార్యదర్శి దగ్గర డిమాండ్ రిజిస్టర్ (ఎవరి నుంచి ఎంత పన్ను రావాలో రాసే పుస్తకం), క్యాష్ బుక్ ఉంటాయి. పంచాయతీల లెక్కలుండే కేంద్ర ప్రభుత్వ ఈ-గ్రామస్వరాజ్ వెబ్‌సైట్‌లో రాష్ట్రం, జిల్లా, మండలం, పంచాయతీ ఎంచుకుంటే మీ ఊరి రాబడి, ఖర్చు, ఆమోదం పొందిన ప్రణాళిక ఎవరికైనా కనిపిస్తాయి, లాగిన్ అక్కర్లేదు. కార్యదర్శి కాగితాలు ఇవ్వకపోతే సమాచార హక్కు కింద అడగండి. మన రెండు రాష్ట్రాల్లో గ్రామ స్థాయి కార్యాలయానికి పెట్టే దరఖాస్తుకు ఫీజే లేదు. మండల స్థాయిలో రూ.5, ఆపైన రూ.10. గడువు 30 రోజులు.

లెక్క ఎలా ఉంటుందో తెలియడానికి ఒక ఊహా పంచాయతీ తీసుకుందాం. కేంద్ర ఆర్థిక సంఘం నిధులు ఏడాదికి 20 లక్షలు. ఇంటిపన్ను, నల్లా బిల్లులు, లైసెన్సు ఫీజులు, అంగడి వేలం కలిపి వసూలు 7 లక్షలు. ఆరుగురు కార్మికులకు నెలకు 9,500 చొప్పున ఇస్తే ఏడాదికి 6,84,000. సొంత ఆదాయం దాదాపు అక్కడికే సరి. కరెంటు బిల్లు, ట్రాక్టర్ కిస్తీ, డీజిల్, బ్లీచింగ్ ఇంకా లెక్కలోకే రాలేదు. వాటికి రాష్ట్ర ఆర్థిక సంఘం నుంచి వచ్చేదే దిక్కు, అదీ సమయానికి వస్తేనే. వసూలైన ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్‌గా జిల్లా గ్రంథాలయ సంస్థకు పోవాలి. దాన్ని మీ ఆదాయంలో కలుపుకోకండి.

ఇక ఆ 20 లక్షలు. 15వ ఆర్థిక సంఘం 2021–26కి పెట్టిన లెక్క ప్రకారం 60 శాతం టైడ్ (చెప్పిన పనికే వాడాల్సింది), 40 శాతం అన్‌టైడ్. టైడ్‌లో సగం తాగునీరు, వాన నీటి సంరక్షణ, నీటి పునర్వినియోగానికి, మిగతా సగం పారిశుధ్యానికి. అంటే నీళ్లకు 6, పారిశుధ్యానికి 6, ఊరు తనకు నచ్చిన పనికి వాడుకోగలిగేవి 8 లక్షలు. ఆ 8 కూడా జీతాలకు, ఆఫీసు ఖర్చులకు వాడకూడదు. ఆ తర్వాతి ఏళ్లకు నిష్పత్తి మారి ఉంటే జిల్లా పంచాయతీ అధికారి కార్యాలయం నుంచి ఉత్తర్వు కాపీ తెప్పించుకుని ఆ అంకెలే వేయండి. పాత బకాయిలు కూడా అడిగి రాయండి. ఆంధ్రప్రదేశ్‌లో 2021లో ఆర్థిక సంఘం నిధులను విద్యుత్ బకాయిల కింద సర్దుబాటు చేశారని సర్పంచులు రోడ్డెక్కారు. కాగితం మీద ఉన్న డబ్బు, ఖాతాలో ఉన్న డబ్బు ఒకటి కాకపోవచ్చు. తెలంగాణలోనైతే 2024 ఫిబ్రవరి నుంచి పాలకవర్గాలు లేని కాలానికి రావలసిన నిధుల సంగతి ఏమైందో కూడా కార్యదర్శినే అడిగి తెలుసుకోండి.

ఈ కాగితాన్ని చార్టు మీద పెద్ద అక్షరాలతో రాయించి పంచాయతీ గోడకు, రెండు తండాల్లో, ఎస్సీ కాలనీలో అంటించండి. సర్పంచ్‌కు ఇది ఇష్టం ఉండకపోవచ్చు. ఆయనకు ఒక మాట చెప్పండి: "అంకె బయట పెడితే 'డబ్బంతా ఏమైంది' అనే వాళ్ల నోళ్లు మూతపడతాయి." చాలామంది సర్పంచులు ఆ లాభం గ్రహించి ఒప్పుకుంటారు.

వాడల వారీ సమావేశాలు

అసలు పని ఇక్కడే జరుగుతుంది. ఒక్కో వాడకు, ఒక్కో తండాకు విడివిడిగా కూర్చోవాలి. ఒక్కో సమావేశానికి 30–40 మంది, గంటన్నర. నాట్లప్పుడు, కోతలప్పుడు పెట్టకండి. వేళ వాళ్లనే అడగండి. తండాల్లో రాత్రి భోజనాల తర్వాత కుదురుతుంది. మహిళా సంఘాల వాళ్లను వాళ్ల నెలవారీ మీటింగు రోజునే కలవండి, ఇంకో రోజు రమ్మనకండి.

ఎక్కడ కూర్చుంటామన్నది చిన్న విషయం కాదు. పెద్దకులాల వాళ్ల అరుగు మీద, గుడి ముందు పెడితే ఎస్సీ కాలనీ వాళ్లు వచ్చినా చివర నిలబడి పోతారు. అంగన్‌వాడీ, కాలనీ బడి, చెట్టు కింద — ఎవరి వాడ వాళ్ల జాగాలో పెట్టండి.

అడిగే ప్రశ్న మారాలి. "ఏం కావాలి" అంటే సీసీ రోడ్డు, మోరీ, కమ్యూనిటీ హాలు అంటారు. ఎందుకంటే పంచాయతీ చేసేవి అవేనని అందరికీ అలవాటైపోయింది. దాని బదులు "ఈ ఏడు ఏ వసతి లేక మీ జేబులోంచి డబ్బు పోయింది?" అని అడగండి. అప్పుడు వేరే మాటలు వస్తాయి. పొలాల దారి బురదైతే ట్రాక్టర్ రాక వడ్లు మోయించడానికి ఇచ్చిన కూలి. వడ్లు ఆరబోసే జాగా లేక రోడ్డు మీద పోస్తే టార్పాలిన్ కిరాయి, రాత్రి కాపలా. తేమ 17 శాతం దాటితే కొనుగోలు సెంటర్‌లో కొనరు కాబట్టి అక్కడ పడిగాపులు పడిన రోజులు, చివరికి విసిగి దళారికి తక్కువకు అమ్మేసిన బస్తాలు. అంగడిలో నీడ లేక మధ్యాహ్నానికే వాడిపోయిన కూరగాయలు. ఒక్కొక్కరు చెప్పిన అంకెను అక్కడే చార్టు మీద రాసి కూడండి. ఆర్థిక నిర్ణయం అనే మాట అక్కడ ఎవరూ వాడరు గానీ జరిగేది అదే. ఎక్కడ డబ్బు కారిపోతోందో ఊరు తానే లెక్క కడుతుంది. రాజ్యాంగం 243జి అధికరణం పంచాయతీలకు అప్పగించిన మొదటి పని కూడా ఆర్థికాభివృద్ధి ప్రణాళికే, రోడ్ల జాబితా కాదు.

ముందుగా నేల మీద ముగ్గుపిండితో ఊరి పటం గీయించండి. ఆడవాళ్ల చేతికి పిండి ఇవ్వండి. నల్లాలు, నీళ్లు చివరిదాకా రాని పైపు, చీకటి సందులు, వానకు నిలిచే నీళ్లు అన్నీ పది నిమిషాల్లో పటం మీదికి వస్తాయి. కాగితం పటమైతే చదువుకున్న ఒక కుర్రాడు పెన్ను పట్టుకుంటాడు, మిగతా వాళ్లు చూస్తూ ఉంటారు.

తర్వాత తూకం. వచ్చిన సమస్యల్లో ఎనిమిదికి మించకుండా బొమ్మల కార్డులు వేసి వరసగా పెట్టండి. మనిషికి పది చింతగింజలు ఇవ్వండి. ఎవరికి దేని మీద ఎన్ని పెట్టాలనిపిస్తే అన్ని. ఇందులో చెడేది ఒక్కటే చోట: కులపెద్దో మాజీ సర్పంచో మొదట గింజలు పెడితే వెనక వాళ్లంతా అదే కార్డు మీద పెడతారు. కాబట్టి కార్డు వెనక మూత ఉన్న డబ్బా పెట్టి గింజలు అందులో వేయించండి. ఆడవాళ్లు, మగవాళ్లు వేరు వేరు రంగు గింజలు వాడితే ఇంకా మంచిది. ఆడవాళ్ల గింజల్ని విడిగా లెక్కించి చార్టు మీద విడి గడిలో రాయండి. రెండు వరసలు తేడాగా వస్తే ఆ తేడాను అలాగే గ్రామసభ దాకా తీసుకుపోండి. అక్కడికక్కడే కలిపేసి సగటు తీయకండి.

మహిళా సంఘాల గ్రామ సమాఖ్య ఏటా తయారు చేసే పేదరిక నిర్మూలన ప్రణాళిక ఒకటి ఉంటుంది. అది గ్రామసభకు వచ్చి పంచాయతీ ప్రణాళికలో కలవాలి. చాలా ఊళ్లలో వీవోఏ (సమాఖ్య లెక్కలు రాసే సహాయకురాలు) దాన్ని ట్యాబ్‌లో ఎక్కించి ఊరుకుంటారు, పంచాయతీకి ఆ సంగతే తెలియదు. వాడ సమావేశాలకు ముందే ఆ ప్రింటు తెప్పించుకోండి. సగం పని అందులో చేసే ఉంటుంది.

ధర తెలియని పనికి ఓటు వేయించవద్దు

వాడల్లో పైకి వచ్చిన ఎనిమిది పది పనులు పట్టుకుని పంచాయతీరాజ్ అసిస్టెంట్ ఇంజినీరు (ఏఈ) దగ్గరకు వెళ్లండి. పూర్తి ఎస్టిమేట్ అక్కర్లేదు, ఉజ్జాయింపు చాలు. మీరూ కొంత లెక్క కట్టుకోవచ్చు. 100 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు, 15 సెంటీమీటర్ల మందం సీసీ రోడ్డుకు 45 ఘనపు మీటర్ల కాంక్రీటు. ఆ ఏడాది ఎస్ఎస్ఆర్ (ప్రభుత్వ ధరల పట్టిక) రేటుతో గుణించండి. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు: పనికి 5 లక్షలు కేటాయిస్తే 5 లక్షల పని జరగదు. జీఎస్టీ 18 శాతం, కార్మిక సంక్షేమ సెస్ 1 శాతం తీసేస్తే పనికి మిగిలేది 4.2 లక్షలే. సీనరేజీ (ఇసుక, కంకర మీద ప్రభుత్వ రుసుము) కూడా అందులోంచే. ఈ మాట ముందే చెప్పకపోతే రోడ్డు 100 మీటర్లని తీర్మానం చేసి 80 మీటర్ల దగ్గర ఆగుతుంది, మిగతా 20 మీటర్లు మీరు మింగారంటారు.

కట్టాక అయ్యే ఖర్చు కూడా పక్కన రాయాలి. కొత్త బోరుకు 5 హెచ్‌పీ మోటారు రోజుకు ఆరు గంటలు నడిస్తే సుమారు 22 యూనిట్లు, నెలకు 670. దాన్ని యూనిట్ ధరతో గుణించి, ఆ బిల్లు ఎవరు కడతారో అక్కడే అడగండి. పాత పైపులైను లీకులు సరిచేస్తే బోరే అవసరం లేదని తేలిన సందర్భాలు ఉంటాయి. పైగా నీరు, భూమి, చెట్ల పరిరక్షణకు తెచ్చిన వాల్టా చట్టం కింద బోరుకు ఏ అనుమతి కావాలో ముందే కనుక్కోండి. తీర్మానం చేసి అనుమతి దగ్గర ఆగిపోయే పనికి జనం చేత గింజలు వేయించుకోవడం మంచిది కాదు.

ఏ పని ఏ పద్దులో చెల్లుతుందో కూడా ముందే చూసుకోవాలి. వడ్లు ఆరబోసే కల్లాలు ఎంత అవసరమో రైతును అడిగితే చెప్తాడు. అయినా తెలంగాణలో ఉపాధి హామీ నిధులతో కట్టిన కల్లాల విషయంలో 2022లో కేంద్రం అభ్యంతరం చెప్పి రూ.150 కోట్లకు పైగా తిరిగి కట్టమంది. అవసరం ఉంటే సరిపోదు, అనుమతించిన పనుల జాబితాలో ఆ పని ఆ పేరుతో ఉండాలి.

ఇంకో ఉచ్చు ఉంది, మీ తోటి మెంబర్లే వేస్తారు: "8 లక్షలు పది వార్డులకు సమానంగా పంచుదాం." వినడానికి న్యాయంగానే ఉంటుంది. వార్డుకు 80 వేలు వస్తుంది, దానితో పది ముక్కల మోరీలు కడతారు, ఒక్కదాంట్లోనూ నీళ్లు పారవు. దీనికి విరుగుడు పంచే నియమాన్ని పనుల కంటే ముందు తేల్చడం. బ్రెజిల్‌లో పోర్టో అలెగ్రే నగరం 1989లో ప్రజల చేత బడ్జెట్ నిర్ణయించడం మొదలుపెట్టింది, ఆ పద్ధతిలో ప్రాంత జనాభా, అక్కడ ఏ వసతి ఎంత కొరతగా ఉంది, అక్కడి వాళ్లు దేనికి మొదటి చోటిచ్చారు అనే కొలతలతోనే డబ్బు పంచింది. మీ ఊరికి దాన్ని ఇలా మార్చుకోవచ్చు: వసతి లేని కుటుంబాల సంఖ్యకు 5 మార్కులు, గింజల లెక్కకు 3, గత మూడేళ్లలో ఆ వాడకు ఏ పనీ రాకపోతే 2. మొత్తం పది. మార్కుల పద్ధతిని మొదట పాలకవర్గంలో, తర్వాత గ్రామసభలో తీర్మానం చేయించండి. ఈ ఏడు రాని వార్డు మెంబరు వచ్చే ఏడు తన వాడ మార్కులు పెరుగుతాయని చూసుకుంటాడు, గొడవ సగం తగ్గుతుంది.

సభ రోజు

తెలంగాణ 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం రెండు నెలలకోసారి గ్రామసభ జరగాలి. 1,000 పైన 3,000 లోపు ఓటర్లుంటే కోరం 150. మీ ఊరికి అదే వర్తిస్తుంది. సభ పెట్టకపోతే సర్పంచ్ పదవికే ముప్పు. వాట్సాప్ గ్రూపు మెసేజీ ఒక్కటే సరిపోదు. తండాల్లో డప్పు చాటింపు వేయించండి, చాటింపులో డబ్బు అంకె చెప్పించండి: "మన ఊరికి ఈ ఏడు ఇరవై లక్షలు, దేనికి పెట్టాలో రేపు తేలుస్తారు." సభలో మొదటి మాట పోయిన ఏడు తీర్మానాలు ఏమయ్యాయన్నది కావాలి. ఏది అయింది, ఏది కాలేదు, ఎందుకు. ఆ తర్వాతే కొత్తవి. ఒక్కో వాడ నుంచి ఇద్దరు, అందులో ఒకరు మహిళ, తమ వాడ లెక్క చదివి వినిపించాలి. అధికారుల ప్రసంగాలు చివరకు నెట్టండి. ముందు పెడితే జనం పోయాక పనులు చర్చకొస్తాయి.

తీర్మానం రాసే తీరులోనే సగం పోతుంది. "సీసీ రోడ్లు వేయుటకు తీర్మానించడమైనది" అని రాస్తే ఎవరి ఇంటి ముందైనా వేయొచ్చు. పని పేరు, ఎక్కడి నుంచి ఎక్కడి దాకా, ఎన్ని మీటర్లు, అంచనా, ఏ పద్దు, ఎన్ని కుటుంబాలకు, వచ్చిన మార్కులు — ఇన్నీ ఉండాలి. చివరి పంక్తి కింద ఖాళీ లేకుండా అడ్డగీత కొట్టించి, ఆ గీత కిందే సంతకాలు తీసుకోండి. ఖాళీ పేజీల మీద ముందే సంతకాలు తీసుకునే అలవాటును ఇది ఆపుతుంది. సభ ముగియగానే ఆ పేజీలు ఫోన్లో ఫొటో తీసి గ్రూపులో పెట్టండి, ఒక కాపీ గోడకు అంటించండి.

తర్వాత నెల రోజులు అందరూ మరిచిపోయేది అప్‌లోడ్. ప్రణాళిక ఈ-గ్రామస్వరాజ్‌లోకి ఎక్కాలి. అక్కడ ఎక్కని పనికి బిల్లు రాదు. మండల ఆఫీసులో ఆపరేటర్ పోయిన ఏటిదే కాస్త మార్చి ఎక్కించేయడం, మీ పొలాల దారిని "రోడ్ల నిర్వహణ" అనే ఏదో ఒక పద్దులో కలిపేయడం మామూలే. అప్‌లోడ్ అయ్యాక ప్రింటు తీసుకుని తీర్మానంతో వరస వరస పోల్చండి. తేడా వస్తే అనుబంధ ప్రణాళికకు అవకాశం ఉంటుంది, కానీ ఆలస్యమైతే ఆ ఏటి డబ్బు ఖర్చు కాక మిగిలిపోతుంది.

పని మొదలయ్యాక

ఆ వాడ వాళ్లే ఐదుగురు చూసుకోవాలి. వాళ్లకు కొలతలు నేర్పితే చాలు. ఎం20 కాంక్రీటు 1:1.5:3 పాళ్లలో కలిపితే ఘనపు మీటరుకు సుమారు 8 బస్తాల సిమెంటు. మనం చెప్పుకున్న 100 మీటర్ల రోడ్డుకు 360 బస్తాలు. ఖాళీ సంచులు లెక్కపెట్టడం ఎవరికైనా వచ్చు. (రెడీమిక్స్ అయితే లారీ చలానాలు చూడండి.) మందం అంచున కొలిస్తే ఎప్పుడూ 15 సెంటీమీటర్లే వస్తుంది. మోసం మధ్యలో ఉంటుంది: కింద మట్టి దిబ్బగా వదిలేసి పైన 10 సెంటీమీటర్లే పోస్తారు. కాబట్టి కాంక్రీటు పోయకముందే రెండు అంచుల పలకల మీదుగా దారం లాగి, మధ్యలో నేల దాకా టేపు పెట్టి కొలవాలి. పోశాక మడులు కట్టి రెండు వారాలు నీళ్లు నిలపాలి. ఎంబీ (కొలతల పుస్తకం) రికార్డు చేసే రోజు ఏఈ వచ్చినప్పుడు ఈ ఐదుగురూ అక్కడ ఉండాలి.

ప్రభుత్వం నుంచి వచ్చే డబ్బు కంటే ఊరు తనంత తాను పూర్తిగా నిర్ణయించగలిగేది సొంత ఆదాయం. అంగడి వేలం, దుకాణాల అద్దెలు, ఖాళీ జాగాల వాడకం మీద తండ్లాట ఎక్కువ, చర్చ తక్కువ. వేలం పాట ఒకరిద్దరి మధ్యే తేలిపోతే, కనీస పాట ఎంతో, తైబజారు (అంగడిలో అమ్ముకునే వాళ్ల నుంచి తీసుకునే రుసుము) మనిషికి ఎంత వసూలు చేయాలో ముందే గ్రామసభలో తేల్చి బోర్డు మీద రాయించండి. లేకపోతే పాట పెంచినవాడు ఆ డబ్బును కూరగాయల గంపల ఆడవాళ్ల దగ్గరే పిండుకుంటాడు. వరంగల్ జిల్లా గంగదేవిపల్లిలో ఒక్కో విషయానికి ఒక్కో కమిటీ ఎలా నడిచిందో, ఆదిలాబాద్ జిల్లా ముఖ్రా(కె) చెత్త నుంచి వర్మీ కంపోస్టు చేసి అమ్మి పంచాయతీకి ఆదాయం ఎలా తెచ్చుకుందో మీ కమిటీ వాళ్లు ఓసారి వెళ్లి చూసి వస్తే మంచిది. అక్కడ బోర్డుల ఫొటోలు తీసుకోవడం కంటే రిజిస్టర్లు అడిగి చూడండి.

చివరగా మీ తండాలు. అవి షెడ్యూల్డ్ ప్రాంతంలో (రాజ్యాంగం కింద ప్రకటించిన గిరిజన ప్రాంతంలో) ఉంటే పైన చెప్పిందంతా ఇంకా బలపడుతుంది. ఆ ప్రాంతాల పంచాయతీల కోసం తెచ్చిన 1996 పెసా చట్టం కింద ఆవాసం స్థాయిలోనే గ్రామసభ ఉంటుంది, పనులు మొదలుపెట్టే ముందు దాని ఆమోదం తప్పనిసరి, డబ్బు ఖర్చయ్యాక వినియోగ ధ్రువీకరణ కూడా ఆ సభే ఇవ్వాలి. మైదాన ప్రాంతంలోని తండాలకు ఆ చట్టం వర్తించదు. మీ మండలం షెడ్యూల్డ్ జాబితాలో ఉందో లేదో ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ) కార్యాలయంలో కనుక్కోండి. ఉంటే, వినియోగ ధ్రువీకరణ మీద తండా సభ సంతకాలు పడ్డాయా, అవి ఎవరు పెట్టారు అన్నది మీరు అడగవలసిన మొదటి కాగితం.